ఉక్కును తినునది చమురు కాదు

తలుపు బందులకును యంత్రభాగములకును తుప్పు పట్టకుండ కందెన పూయుట మనమెరిగిన పనియే. ఆ కందెనకు పుట్టినిల్లయిన ముడిచమురే తాను ప్రవహించు ఉక్కు గొట్టములను తినివేయునన్న మాట మొదట వింతగా తోచును. నిజమునకు శుద్ధమైన హైడ్రోకార్బనులు ఉక్కునకు సామాన్యముగా హాని చేయవు. భూగర్భమునుండి వానిని వెంబడించి వచ్చిన ఉప్పునీరు, గంధకము, సేంద్రియామ్లములు అను పరివారమే ఈ క్షయమునకు మూలము.

ఉప్పునీరు చమురులో సూక్ష్మబిందువులై కలసియుండును. అందలి సోడియము క్లోరైడు వేడికి చాలవరకు చలింపదు గాని, మెగ్నీషియము, కాల్షియము క్లోరైడులు కొలిమి వేడిలో నీటితో చర్య నొంది హైడ్రోజను క్లోరైడు వాయువును విడుచును. పొడిగా నున్నంతవరకు ఆ వాయువువలన భయము తక్కువ. స్వేదన స్తంభపు శిరోభాగమునకెగసి, అచ్చట చల్లబడి, తొలి నీటిబొట్టులో కరగినంతనే అది తీవ్రమైన ఆమ్లమై లోహమును హరింప నారంభించును. అందుచేతనే ముడిచమురును కొలిమికి పంపుటకు ముందే నీటితో కడిగి, విద్యుత్క్షేత్రముచే బిందువులను ఏకముచేసి, అడుగునకు దిగిన ఉప్పునీటిని తీసివేయుదురు. నీటిని వెడలగొట్టుటకు నీటినే పోయవలసివచ్చుట ఈ విద్యలోని చమత్కారము.

చమురులోని సేంద్రియామ్లములైన నాఫ్థీనికామ్లములు సుమారు 220 నుండి 400 సెంటిగ్రేడు డిగ్రీల నడుమ విజృంభించును. మాలిబ్డినము కలిసిన స్టెయిన్‌లెస్ స్టీలు వానికి చాలవరకు తాళగలదు.

గంధకపు కథ పెద్దది. శుద్ధిచేసిన పెట్రోలులోను దాని జాడ మిగిలియుండవచ్చును గనుక, మెరుగుపెట్టిన రాగి రేకును 50 డిగ్రీల వేడిగల ఇంధనములో మూడు గంటలుంచి, దాని రంగు మారిన తీరునుబట్టి ఇంధన గుణమును నిర్ణయింతురు. ఇక రిఫైనరీలో, సుమారు 260 డిగ్రీలు దాటినచో, గంధక సమ్మేళనములు నీటి తోడు లేకయే ఇనుమును సల్ఫైడుగా మార్చి గొట్టపు గోడను పలుచబరచును. ఉక్కులో క్రోమియము ఉన్నచో ఈ క్షయము తగ్గును. స్వల్పమైన సిలికాన్ సైతము మేలు చేయును.

ఆ స్వల్పమెంతటిదో కాలిఫోర్నియాలోని రిచ్మండ్ రిఫైనరీలో 2012 ఆగస్టు 6న వెల్లడియయ్యెను. 1976లో అమర్చిన గొట్టమొకటి పగిలి, వేడిచమురు ఆవిరిమేఘమై అంటుకొనగా, పరిసరవాసులలో సుమారు 15,000 మంది చికిత్సకై వైద్యుల నాశ్రయించిరి. పగిలిన తుండు పొడవు 52 అంగుళములు. అందలి సిలికాన్ 0.01 శాతము మాత్రమే. దాని గోడ మందములో సగటున 90 శాతము అప్పటికే హరించిపోయియుండెను. పొరుగున నున్న వంపు గొట్టములో సిలికాన్ అధికముగా నుండుటచే అది అంతగా అరగలేదు. తనిఖీదారులు మందము కొలుచుచు వచ్చినది ఆ వంపునే.