అమ్మ ఫోన్‌కి అబద్ధం చెప్పొద్దు!

‘ఏం తిన్నావు నాన్నా?’
కర్లపాలెంలో తెల్లారగానే అమ్మ వీడియోకాల్‌లో అడిగే మొదటి ప్రశ్న ఇదే. అమెరికాలో అప్పటికి రాత్రి. ముందు ఖాళీ నూడుల్స్ కప్పు. ‘అన్నం, పప్పు తిన్నాలేమ్మా’ అనేసి ఫోన్ పెట్టేస్తాం. ఎమ్మెస్‌కి వెళ్లిన కుర్రాళ్లలో చాలామందికి ఇది అలవాటైన అబద్ధమే.

జీఆర్ఈకి నెలల తరబడి సిద్ధమవుతాం, వీసా ఇంటర్వ్యూకి అద్దం ముందు సాధన చేస్తాం. వంటకొచ్చేసరికి ‘వెళ్లాక చూసుకుందాంలే’ అంటాం. తీరా వెళ్లాక పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ల్యాబ్, సాయంత్రం క్యాంపస్ ఉద్యోగం. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్-1 విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పనిచేయొచ్చు. ఆ కాస్త సంపాదనా బయటి తిండికే పోతే? డబ్బుతోపాటు ఒంట్లో ఓపికా తగ్గిపోతుంది.

ఈ చిక్కుకి పనికొచ్చే నేస్తం స్లో కుక్కర్. పొద్దున అన్నీ వేసి స్విచ్ నొక్కితే సాయంత్రానికి వేడివేడి సూప్ రెడీ.

మన దాలి లాంటిదే

కొత్త వింతేం కాదిది. నాయనమ్మల కాలంలో పిడకల దాలి మీద పాలకుండ పెట్టి వదిలేసేవారు. సన్నని సెగకి గంటల తరబడి కాగి, ఎర్రటి మీగడ కట్టేది. స్లో కుక్కర్ చేసేదీ అదే, కాకపోతే కరెంటుతో. ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ దీనికి 1940లో పేటెంట్ పొందారు. లిథువేనియాలోని ఊళ్లో బేకరీ పొయ్యి ఆరిపోతుండగా, మిగిలిన వేడిలో రాత్రంతా ఉడికే వంటకం గురించి వాళ్లమ్మ చెప్పిన కథే ఆయనకు స్ఫూర్తి. 1971లో రైవల్ సంస్థ దాన్ని ‘క్రాక్‌పాట్’ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది.

నలుగురు రూమ్మేట్లకు సరిపడా

కావాల్సినవి: సాసేజ్‌లు 400 గ్రాములు, ఉల్లిపాయ 1, వెల్లుల్లి రెబ్బలు 6, క్యారెట్లు 2, టమాటా ముక్కల డబ్బా 1, ఉడికించిన బీన్స్ డబ్బా 1, నీళ్లు లేదా చికెన్ స్టాక్ 6 కప్పులు, పొట్టి పాస్తా 150 గ్రాములు, రెండు గుప్పిళ్ల పాలకూర, మిరియాల పొడి, జీలకర్ర పొడి, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి.

* సాసేజ్‌లను ముక్కలుగా కోసి, పెనం మీద ఐదారు నిమిషాలు ఎర్రగా వేయించండి. రుచంతా ఇక్కడే వస్తుంది.
* పాస్తా, పాలకూర తప్ప మిగతావన్నీ కుక్కర్లో వేసి ‘లో’లో 6-7 గంటలు, తొందరుంటే ‘హై’లో 3-4 గంటలు ఉంచండి. మధ్యలో మూత తీయొద్దు. తీసిన ప్రతిసారీ వేడి పోయి, వంట మరో పావుగంట వెనక్కి వెళ్తుంది.
* తినడానికి అరగంట ముందు ‘హై’లో పెట్టి పాస్తా వేయండి. పొద్దునే వేశారో, సాయంత్రానికి జావే! పాలకూర చివరి ఐదు నిమిషాల్లో.
* సాసేజ్‌లో ఉప్పు ముందే ఉంటుంది. రుచి చూశాకే ఉప్పు వేయండి.

మర్నాటికి ఉంచుకోవాలనుకుంటే పాస్తా విడిగా ఉడికించుకుని, తినేటప్పుడు కలుపుకోండి.

ఈ తప్పులు చేయొద్దు

లేబుల్ చదవండి: సాసేజ్ అంటే చికెనే కానక్కర్లేదు. పోర్క్, బీఫ్ రకాలూ ఉంటాయి. పైన ‘చికెన్’ అని ఉన్నా, పైపొర పంది పేగుతో చేసింది కావొచ్చు. తినని మాంసం ఉంటే వెనకవైపు పదార్థాల జాబితా చూశాకే కొనండి.

గడ్డకట్టింది వేయొద్దు: ఫ్రీజర్లోంచి తీసిన మాంసం నెమ్మదిగా వేడెక్కుతుంది, ఈలోగా బ్యాక్టీరియా పెరుగుతుంది. రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వండి. చికెన్ లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి.

పచ్చి రాజ్మా వద్దు: అందులోని లెక్టిన్ అనే విషపదార్థం స్లో కుక్కర్ వేడికి పోదు. వాంతులు, విరేచనాలు అవుతాయి. నానబెట్టిన రాజ్మాని పొయ్యి మీద కనీసం పది నిమిషాలు తెర్లించాల్సిందే. డబ్బాలో వచ్చేవి ఉడికినవే కాబట్టి భయం లేదు.

మిగిలింది బయట ఉంచొద్దు: రెండు గంటల్లోపు చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టండి. మూణ్నాలుగు రోజుల్లో తినేయండి. మళ్లీ వేడిచేయాలంటే పొయ్యి మీదే.

సూట్‌కేస్‌లో కుక్కర్ వద్దు: మన దగ్గర కరెంటు 230 వోల్టులు, అమెరికాలో 120. ఇక్కడ కొన్నది అక్కడ సరిగా వేడెక్కదు. వెళ్లాకే కొనుక్కోండి. హాస్టల్ గదుల్లో కొన్నిచోట్ల అనుమతించరు, ముందే కనుక్కోండి.

ఇది చదువు కూడా

ఎంత వేడికి సూక్ష్మజీవి చస్తుంది, మాంసం ఎన్నాళ్లు నిల్వుంటుంది, లేబుల్ మీద ఏం రాయాలి... ఈ ప్రశ్నలే ఆసక్తిగా అనిపిస్తే ఫుడ్ టెక్నాలజీ గురించి ఆలోచించండి. అందుకు కర్లపాలెం కుర్రాళ్లు సముద్రాలు దాటక్కర్లేదు. ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద బాపట్లలోనే బీటెక్ ఫుడ్ టెక్నాలజీ కళాశాల ఉంది. నాణ్యత పరిశీలన, ఉత్పత్తుల తయారీ, ప్యాకేజింగ్ విభాగాల్లో అవకాశాలుంటాయి.

ప్రయాణానికి ఇంకా టైముందా? అయితే ఈ ఆదివారమే ఇంట్లో మొదలెట్టండి. స్లో కుక్కర్ లేకున్నా మందపాటి గిన్నె, సన్నని సెగ చాలు, గంటలో అయిపోతుంది. సాసేజ్ దొరక్కపోతే చికెన్ కీమా ఉండలు వేయండి. మొదటి గిన్నె అమ్మకే ఇవ్వండి. ‘ఉప్పు తక్కువైందిరా’ అంటుంది, అననివ్వండి. రేపు అక్కడి నుంచి ‘నేనే వండుకున్నానమ్మా’ అంటే, అబద్ధమని అనుకోదు.