పిలిస్తే పలికే ఫైల్ వ్యవస్థ: ఆటోమౌంటర్ చరిత్ర

బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల చేతుల్లో యూనిక్స్ రూపుదిద్దుకున్ననాటి నుంచి ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైళ్లన్నిటికీ ఒకే చెట్టు ఉంటుంది, ఆ చెట్టుకు ఒకే వేరు ఉంటుంది. ఒక్కొక్క డిస్కుకు ఒక్కొక్క అక్షరం కేటాయించే విండోస్ పద్ధతికి ఇది పూర్తిగా భిన్నం. యంత్రానికి రెండో డిస్కు తగిలిస్తే, దానిలోని ఫైల్ వ్యవస్థను, అంటే ఫైళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పే అమరికను, చెట్టులో అప్పటికే ఉన్న ఏదో ఒక డైరెక్టరీ దగ్గర, మామిడి కొమ్మకు అంటు కట్టినట్టు కలుపుతారు. ఈ పనికే మౌంట్ చేయడమని పేరు. ఒకసారి కలిపాక వాడుకరికి ఆ అతుకు కనిపించదు. తాను చదువుతున్న ఫైలు ఏ డిస్కులో ఉందో తెలుసుకోవలసిన అవసరమూ అతనికి ఉండదు.

ఒక యంత్రం, రెండు మూడు డిస్కులు ఉన్నంతకాలం ఈ ఏర్పాటులో చిక్కేమీ లేదు. ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో ఎఫ్‌స్టాబ్ అనే చిన్న పట్టికలో రాసిపెడితే, యంత్రం లేచేటప్పుడే ఆ పని ముగిసిపోతుంది. చిక్కంతా 1980ల నడుమ సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్‌తో మొదలైంది. నెట్‌వర్క్‌లో మరో యంత్రం మీద ఉన్న ఫైళ్లను సొంత డిస్కు ఫైళ్లలాగే తెరవనిచ్చే ఈ పద్ధతిని రసెల్ శాండ్‌బర్గ్, ఆయన సహచరులు 1985లో యూసెనిక్స్ సదస్సులో వివరించారు. విశ్వవిద్యాలయాలు, కంపెనీలు దాన్ని ఎంత ఉత్సాహంగా స్వీకరించాయంటే, ప్రతి బల్ల మీది వర్క్‌స్టేషనూ తన డిస్కును ఇతరులకు అందించే సర్వరుగా, ఇతరుల డిస్కులను వాడుకునే క్లయింటుగా ఏకకాలంలో మారిపోయింది. యాభై యంత్రాలున్న విభాగంలో ప్రతి యంత్రమూ తక్కిన నలభై తొమ్మిదింటిని మౌంట్ చేసుకుంటే మొత్తం 2,450 అతుకులు అవుతాయి. వాటిలో ఒక రోజున నిజంగా వాడేవి చాలా కొద్ది. కానీ పట్టికలో అన్నీ రాయాల్సిందే, ఒక సర్వరు పేరు మారితే అన్ని పట్టికలూ దిద్దాల్సిందే.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఎన్‌ఎఫ్‌ఎస్ స్వభావంలోనే ఉంది. సర్వరు ఆగిపోతే క్లయింటు తప్పు చెప్పి తప్పుకోదు. సర్వరు తిరిగి లేచేదాకా అడుగుతూనే ఉంటుంది, ఆ ఫైలును ముట్టుకున్న ప్రోగ్రాము అంతసేపూ స్తంభించి ఉంటుంది. డేటా నష్టపోకుండా చూడడానికి ఇది సరైన నిర్ణయమే. అయితే ఒకదాన్నొకటి మౌంట్ చేసుకునే యంత్రాలన్నీ కరెంటు పోయి ఒకేసారి లేచినప్పుడు ‘నువ్వు ముందు’ అంటే ‘నువ్వు ముందు’ అన్నట్టు ఎదురుచూస్తూ కూర్చునే ప్రమాదం కూడా ఈ నిర్ణయం నుంచే పుట్టింది.

దీనికి సన్ సంస్థలోనే విరుగుడు కనిపెట్టారు. 1988 నాటి సన్‌ఓఎస్ 4.0తో బయటికి వచ్చి, మరుసటి ఏడాది బ్రెంట్ క్యాలహన్, టామ్ లయన్ రాసిన పత్రంతో ప్రసిద్ధమైన ఆటోమౌంటర్ చేసే పని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఎవరైనా ఒక పేరు అడిగేదాకా ఏదీ మౌంట్ కాదు, అడిగిన క్షణంలో మౌంట్ అవుతుంది, కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే దానంతట అదే విడిపోతుంది. అడిగిన సంగతి తెలిసేదెలా అన్నదే అసలు ప్రశ్న. ఆపరేటింగ్ సిస్టమ్ గర్భభాగమైన కెర్నెల్‌ను ఏమాత్రం మార్చకుండా దీన్ని సాధించడానికి రచయితలు పన్నిన ఎత్తు ముచ్చటైనది. వెనకాల నిరంతరం నడిచే ప్రోగ్రామును డీమన్ అంటారు. ఆటోమౌంటర్ డీమన్ అదే యంత్రంలో కూర్చుని తానొక ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వరునని కెర్నెల్‌ను నమ్మిస్తుంది. వాడుకరుల సొంత డైరెక్టరీలన్నీ ఉండే హోమ్ అనే డైరెక్టరీలో ఎవరైనా ఒక పేరు తెరవగానే, దూరపు సర్వరును అడుగుతున్నాననుకుని కెర్నెల్ ఈ డీమన్‌ను అడుగుతుంది. డీమన్ అసలు సర్వరును ఓ మూలన ఉన్న తాత్కాలిక డైరెక్టరీలో మౌంట్ చేసి, ‘నువ్వు అడిగింది అక్కడుంది చూడు’ అని దారి చూపే సింబాలిక్ లింకును జవాబుగా ఇస్తుంది.

ఏ పేరుకు ఏ సర్వరో డీమన్‌కు చెప్పేవి మ్యాప్ ఫైళ్లు. ఈ యంత్రాంగం ఇన్నేళ్లు బతకడానికి కారణం లోపలి ఎత్తుగడ కాదు, ఈ మ్యాపుల రూపకల్పనే అని చెప్పడం అతిశయోక్తి కాదు. అన్నిటికీ పైన ఆటో మాస్టర్ అనే ఫైలు ఉంటుంది. అందులోని ప్రతి వరుసా ఏ డైరెక్టరీని కనిపెట్టుకుని ఉండాలో, దానికి ఏ మ్యాప్ వాడాలో చెబుతుంది. రెండో అంచెలోని మ్యాపులో ఎడమవైపు పేరు, నడుమ మౌంట్ షరతులు, కుడివైపు సర్వరు పేరూ అక్కడి దారీ ఉంటాయి. ఒక డైరెక్టరీ కింద కనిపించే పేర్లను నిర్వహించే మ్యాప్ పరోక్షమైనది. చెట్టులో ఎక్కడైనా సరే, పూర్తి దారిని ఎడమవైపు రాసి ఒక్కొక్క చోటును విడివిడిగా చెప్పేది ప్రత్యక్షమైనది. పరోక్ష మ్యాపులో ఎడమవైపు ఒక నక్షత్రపు గుర్తు, కుడివైపు సర్వరు దారి చివర ఒక యాంపర్‌సాండ్ పెడితే చాలు: అడిగిన పేరు ఏదైనా నక్షత్రానికి సరిపోతుంది, అదే పేరు యాంపర్‌సాండ్ స్థానంలో చేరుతుంది. వేలమంది విద్యార్థుల హోమ్ డైరెక్టరీలకు ఒకే ఒక వరుస సరిపోవడం ఇలాగే. మాన్యువల్ పేజీల వంటి చదవడానికి మాత్రమే ఉపయోగపడే ఫైళ్లకైతే ఒకే వరుసలో రెండు మూడు సర్వర్ల పేర్లు రాయవచ్చు. ముందుగా బదులిచ్చినదాన్ని డీమన్ ఎంచుకుంటుంది, ఒకటి పడిపోయినా పని ఆగదు. సన్ వారి ఎన్‌ఐఎస్ అనే ఉమ్మడి సమాచార సేవలో ఈ మ్యాపులను ఉంచితే, నిర్వాహకుడు ఒక్కచోట దిద్దిన మార్పు అన్ని యంత్రాలకూ అందేది. అంతకుముందు యంత్రం యంత్రానికీ తిరిగి పట్టికలు దిద్దిన వారికి ఇది ఎంతటి ఊరటో ఊహించవచ్చు.

తొలి ఆటోమౌంటర్‌లో రెండు లోపాలుండేవి, రెండూ ఆ ముచ్చటైన ఎత్తు నుంచే వచ్చాయి. డీమన్ ఒక్కటే కాబట్టి అది ఒక పడిపోయిన సర్వరు కోసం ఆగితే తక్కిన వారి అభ్యర్థనలూ దాని వెనకే ఆగిపోయేవి. రెండోది ఇంకా సూక్ష్మమైనది: తానున్న డైరెక్టరీ దారి ఏమిటని ప్రోగ్రాము అడిగితే, లింకును దాటి వచ్చింది కాబట్టి దానికి హోమ్ కింద ఉన్న పేరుకు బదులు తాత్కాలిక డైరెక్టరీ దారి తెలిసేది. ఆ దారిని అది ఎక్కడైనా రాసిపెట్టుకుని, అతుకు విడిపోయాక మళ్లీ తెరవబోతే అక్కడ ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే తాత్కాలిక దారిని ఎవరైనా అడిగినా ఆ సంగతి డీమన్ చెవిన పడదు. పేరును నమ్ముకుని బతికే వ్యవస్థలో పేరు అబద్ధమాడడం చిన్న లోపం కాదు.

మొదటి లోపాన్ని లండన్ ఇంపీరియల్ కాలేజీలో జాన్-సైమన్ పెండ్రీ 1989 ప్రాంతంలో రాసిన ఏఎమ్‌డీ అనే మరో ఆటోమౌంటర్ బాగా తగ్గించింది. మౌంట్ పనిని వేరే ప్రక్రియకు అప్పగించి తాను మాత్రం ఇతరులకు జవాబులిస్తూ ఉండడం, సర్వర్లు బతికే ఉన్నాయా అని మధ్యమధ్య పలకరించి చూడడం దాని విశేషాలు. అది 4.4బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంలో చేరింది, ఆ తరువాత కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎరెజ్ జడోక్ చేతిలో అనేక యూనిక్స్ రకాలకు విస్తరించింది. రెండో లోపం మాత్రం కెర్నెల్ బయట ఉండి తీరేది కాదు. 1993లో క్యాలహన్, సతీందర్ సింగ్ ప్రకటించిన ఆటోఎఫ్‌ఎస్ ఆ పరిమితిని ఒప్పుకుని కెర్నెల్ లోపలికి వెళ్లింది. కాపలా కాసే పని కెర్నెల్‌లోని ఒక చిన్న ఫైల్ వ్యవస్థది. మ్యాపులు చదివి మౌంట్ చేసే పని బయటి డీమన్‌ది. అడిగిన చోటే నేరుగా మౌంట్ అవుతుంది కాబట్టి లింకూ లేదు, తాత్కాలిక డైరెక్టరీ లేదు, దారి అబద్ధమాడదు.

లినక్స్‌కు ఈ పద్ధతిని 1990ల చివర్లో హెచ్. పీటర్ ఆన్విన్ తెచ్చారు. తరువాత దీర్ఘకాలం దాన్ని పోషించినవారు ఇయాన్ కెంట్. ఒక ప్రోగ్రాము ఇంకా మౌంట్ కాని పేరును తెరవబోగానే కెర్నెల్ ఆ ప్రోగ్రామును నిద్రపుచ్చి, పైపు అనే అంతర్గత గొట్టం గుండా డీమన్‌కు చిన్న ప్యాకెట్ పంపుతుంది. డీమన్ పని ముగించి ‘సిద్ధం’ అనగానే నిద్రలో ఉన్న ప్రోగ్రాము లేచి ఏమీ జరగనట్టే ముందుకు సాగుతుంది. మరి మౌంట్ చేయడానికి డీమన్ కూడా అదే పేరును తాకాలి కదా. అప్పుడు దాన్నీ నిద్రపుచ్చితే లేపేవారుండరు. అందుకే డీమన్‌కూ దాని పిల్ల ప్రక్రియలకూ కెర్నెల్ మినహాయింపు ఇస్తుంది. విడగొట్టే పనికీ ఇలాగే ఏర్పాటుంది: సాధారణంగా 5 లేదా 10 నిమిషాలుండే గడువులో నాలుగో వంతుకొకసారి డీమన్ లేచి, వాడకంలో లేనివేమైనా ఉన్నాయా అని కెర్నెల్‌ను అడుగుతుంది.

లినక్స్ యంత్రం లేచేటప్పుడు సేవలను మొదలుపెట్టే ప్రోగ్రాముగా 2010లో లెనార్ట్ పొటరింగ్ ప్రకటించిన సిస్టమ్‌డీ ఈ యంత్రాంగానికి ఎవరూ అనుకోని ఉద్యోగం ఇచ్చింది. ఇక్కడ లక్ష్యం దూరపు సర్వర్లు కావు, యంత్రం త్వరగా లేవడం. హోమ్ డిస్కు తనిఖీ ముగిసేదాకా సేవలన్నీ కాచుకుని ఉండనక్కర్లేకుండా, ముందు ఆ చోట ఆటోఎఫ్‌ఎస్ కాపలా పెట్టి సేవలను మొదలుపెట్టేస్తారు. నిజంగా ఆ ఫైళ్లు కావలసిన ప్రోగ్రాము ఒక్కటే ఆగుతుంది.

ఈ కొత్త ఉద్యోగంలోనే ఒక పాత లోపం బయటపడింది. డీమన్‌కు వెళ్లే ప్యాకెట్ పరిమాణం ఎక్స్86 యంత్రాల్లో 32 బిట్ల పద్ధతిలో 300 బైట్లు, 64 బిట్ల పద్ధతిలో 304 బైట్లు. నిర్మాణం ఒక్కటే అయినా, పెద్ద సంఖ్యలను అమర్చే హద్దులు వేరు కావడంతో చివర నాలుగు ఖాళీ బైట్లు చేరాయి. 64 బిట్ల కెర్నెల్ మీద 32 బిట్ల డీమన్ నడిస్తే లెక్క తప్పుతుంది. 2012లో దీన్ని కెర్నెల్‌లో సరిదిద్దగానే, అదే లోపాన్ని అప్పటికే తన వైపు నుంచి సర్దుకున్న సిస్టమ్‌డీ చెడిపోయింది: రాని నాలుగు బైట్ల కోసం అది ఎదురుచూడసాగింది. చివరికి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పైపునే మార్చి, పంపిన ప్రతి ప్యాకెట్టూ విడిగా అందేలా, చదివేవారు తక్కువ చదివితే మిగిలింది కొట్టుకుపోయేలా చేశారు. ఇద్దరి లెక్కలూ నిలబడ్డాయి. వాడుకలో ఉన్నదాన్ని చెడగొట్టకూడదన్న లినక్స్ నియమం ఎంత ఖరీదైనదో నాలుగు బైట్లు చూపించాయి.

ఆపిల్ 2007లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ లెపర్డ్‌తో, ఫ్రీబీఎస్‌డీ 2014లో 10.1తో ఆటోఎఫ్‌ఎస్ బాట పట్టాయి. భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ ప్రయోగాల సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచమంతటి కంప్యూటర్లకు అందించే సెర్న్‌వీఎం ఫైల్ వ్యవస్థ కూడా తన భాండాగారాలను అడిగినప్పుడు మౌంట్ చేయడానికి దీన్నే ఆశ్రయిస్తుంది.

అమర్చుకునేవారు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మ్యాపులోని పేర్లన్నీ డైరెక్టరీ జాబితాలో కనబడేలా చూపు తెరిచి ఉంచితే, వాటిని ఒక్కొక్కటిగా తెరిచి చూసే ప్రోగ్రాము ఒకే దెబ్బకు వందల మౌంట్లను లేపవచ్చు. పెద్ద మ్యాపులకు ఆ చూపును మూసివేయడమే మేలు. అపరిచిత సర్వర్ల నుంచి వచ్చే ఫైళ్లకు యజమాని అధికారంతో నడిచే హక్కును నిరాకరించే షరతు తప్పనిసరి. నిరంతరం రాసే డేటాబేసు డిస్కుకు ఆటోమౌంట్ వల్ల ఒరిగేదేమీ లేదు, అది ఎన్నడూ ఖాళీగా ఉండదు కాబట్టి. దాన్ని ఎఫ్‌స్టాబ్‌లో మామూలుగా రాయడమే సముచితం. ఇంట్లో నెట్‌వర్క్ డిస్కు ఒక్కటే ఉన్న లినక్స్ వాడుకరికి మ్యాపులూ అక్కర్లేదు: ఎఫ్‌స్టాబ్‌లోని ఆ వరుస షరతుల్లో సిస్టమ్‌డీ ఆటోమౌంట్ అనే మాటనూ, దానితోపాటు విడిపోయే గడువునూ చేర్చుకుంటే, డిస్కు ఆపి ఉన్న రోజున కూడా కంప్యూటర్ ఆగకుండా లేస్తుంది.