‘ఏ సంబంధమూ లేదు’ అని రాయాలా?

మొన్న ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీది ట్రంకు పెట్టె దించాం. అమ్మ కూడా అప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఇత్తడి మరచెంబులూ, చిరిగిన పంచాంగాలూ, వాటి అడుగున గుడ్డలో చుట్టిన తాతయ్యగారి పంపకాల దస్తావేజు నకలు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకచోట ఆగిపోయింది. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళు చేసి పంపించినందున వారికి ఈ ఆస్తితో ఏ సంబంధమూ లేదట!

“పాత రాతలేమ్మా, ఇప్పుడెవరు రాస్తారలా?” అన్నాను.

నిజమే కదా! మన ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. 2005లో కేంద్ర చట్టం పెళ్ళైనవాళ్ళకీ ఇచ్చింది. కానీ అంతకుముందే పంచుకుని రిజిస్టరు చేసుకున్న ఇళ్ళలో ఆ పంపకాలు అలాగే ఉండిపోయాయి. మా అమ్మ ఆ లెక్కలోకే వస్తుంది.

అమ్మ కాగితం మడిచి, “ఆస్తి రాకపోతే పోయింది. ‘ఏ సంబంధమూ లేదు’ అని రాయాలా?” అంది.

నా దగ్గర జవాబు లేదు. కానీ మా ఆడపడుచు కూతురు చెప్పిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఆ పిల్ల అమెరికాలో అలబామా రాష్ట్రంలో చదువుకునేది. 2022 నవంబరులో ఫోన్ చేసి, “అత్తా, ఇక్కడ రాజ్యాంగాన్ని కడిగి ఆరేశారు!” అంది.

రాష్ట్రానికో రాజ్యాంగం

మన రాష్ట్రాలకి విడిగా రాజ్యాంగాలు లేవు. జమ్మూ కాశ్మీరుకి ఉండేది, 2019తో అదీ పోయింది. మన శాసనసభ చేసే కొన్ని తీర్మానాలు ఢిల్లీ దాకా వెళ్ళాల్సిందే. శాసనమండలి వద్దని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020 జనవరిలో తీర్మానం చేసి, 2021 నవంబరులో వెనక్కి తీసుకోవడం మనం చూశాం. మధ్యలో మండలి ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే రద్దు చేసే అధికారం పార్లమెంటుది.

అమెరికాలో అలా కాదు. 50 రాష్ట్రాలకీ 50 రాజ్యాంగాలు. అలబామాలో దాన్ని మార్చాలంటే రెండు సభల్లోనూ అయిదింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఆ తర్వాత జనం ఓటేయాలి. గవర్నరు సంతకంతో పనిలేదు.

వాళ్ళ రాజ్యాంగం 1901 నాటిది. దాన్ని రాయడానికి కూర్చున్న 155 మందీ తెల్లజాతి మగవాళ్ళే. ఇందులో దాపరికం కూడా లేదు. తెల్లవారి ఆధిపత్యాన్ని చట్టంగా నిలబెట్టడమే మన పని అని ఆ సభాధ్యక్షుడు జాన్ నాక్స్ మొదటే చెప్పేశాడు. ఓటు కావాలంటే చదువు పరీక్ష, ఆస్తి, పైగా ఓటు పన్ను. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరువేరు బడులు. నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్ళి నిషేధం.

ఓటుకి బకాయి!

ఆ ఓటు పన్ను సంగతి మనం తెలుసుకోవాలి. ఏడాదికి ఒకటిన్నర డాలరు. కట్టకపోతే పోయేది కాదు, బాకీలా పేరుకుపోయేది. బస్సులో సీటు వదలనని 1955లో చరిత్ర మార్చిన రోజా పార్క్స్ అంతకు పదేళ్ళ ముందు, మూడోసారి ప్రయత్నిస్తే గానీ ఓటరుగా నమోదు కాలేకపోయారు. అప్పుడు ఆమెకు 32 ఏళ్ళు. 21వ ఏటి నుంచీ లెక్కగట్టి 16 డాలర్ల 50 సెంట్లు కట్టించుకున్నారు! బట్టలు కుట్టి బతికే మనిషికి అది చిన్న మొత్తమా? చేతిలో ఒక్కరి పన్నుకే డబ్బుంటే ఆ ఇంట్లో ఎవరిది ముందు కడతారో మనకి వేరే చెప్పాలా? అలబామాలోనే పుట్టిన వర్జీనియా డర్ లాంటి స్త్రీలు ఈ పన్ను పోవాలని ఏళ్ళ తరబడి తిరిగారు.

ఆడవాళ్ళ ఓటు హక్కు అమెరికా అంతటా 1920లో అమల్లోకి వచ్చింది. అలబామా శాసనసభ దాన్ని 1919లో కాదంది. మళ్ళీ తీర్మానం చేసి సరేననడానికి 1953 దాకా పట్టింది!

చెల్లకపోయినా చెరపలేదు

కోర్టులూ దేశ చట్టాలూ ఒక్కొక్కటే కొట్టేశాయి. వేరు బడులు 1954లో, పెళ్ళి నిషేధం 1967లో చెల్లకుండా పోయాయి. కానీ పుస్తకంలో మాటలు మాత్రం అలాగే కూర్చున్నాయి. పెళ్ళి నిషేధాన్ని తీసేయడానికి 2000లో ఓటింగు పెడితే నూటికి 40 మంది ఉండనీ అన్నారు. గెలిచింది కాబట్టి సరిపోయింది! వేరు బడుల మాట తీసేయాలన్న ప్రతిపాదన 2004లో రెండు వేల లోపు ఓట్ల తేడాతో ఓడింది. ఆ మాటతోపాటు, ప్రభుత్వ ఖర్చుతో చదువు ఎవరి హక్కూ కాదనే వాక్యం కూడా పోతుందనీ, దాంతో కోర్టులు పన్నులు పెంచమంటాయనీ కొందరు భయపెట్టారు. ఆ వాక్యాన్ని ఉంచేసి 2012లో మళ్ళీ పెడితే, ఈసారి నల్లజాతి నాయకులే వద్దన్నారు. పైపైన తుడిచి అసలుది వదిలేస్తారా అన్నది వాళ్ళ బాధ.

ఈలోగా సవరణలు తొమ్మిది వందలు దాటాయి. మన దేశ రాజ్యాంగానికి 2023 చివరికి 106! ఒక కౌంటీలో దోమల నివారణకైనా, ఇంకో కౌంటీలో బింగో ఆటకైనా సవరణే, ఎందుకంటే స్థానిక అధికారాన్నంతా రాజధాని మాంట్గొమరీ తన గుప్పిట్లో పెట్టుకుంది.

చివరికి 2020లో జనం అనుమతిచ్చారు. జాతివివక్ష మాటలు తీసేయండి, చెల్లనివీ రెండుసార్లు వచ్చినవీ ఏరేయండి, ఏ కౌంటీది ఆ కౌంటీ కింద సర్దండి, ఇంకేమీ మార్చకండి అని. ఆ కమిటీకి అధ్యక్షురాలు ఒక నల్లజాతి మహిళ, శాసనసభ్యురాలు మెరీకా కోల్మన్. 2022లో నూటికి 76 మంది ఆ కొత్త ప్రతికి సరేనన్నారు. నేరానికి శిక్షగా వెట్టి చేయించవచ్చనే మినహాయింపు కూడా అప్పుడే పోయింది.

అయితే ఇది ఇల్లు దులపడమే, కొత్త ఇల్లు కట్టడం కాదు. కౌంటీలు ఇంకా రాజధాని వైపే చూడాలి. రాష్ట్ర రాజ్యాంగాలన్నిటిలో పొడవైనది ఇప్పటికీ అదే. అయినా ఆ రాష్ట్రపు నల్లపిల్ల తన రాజ్యాంగం తెరిస్తే, నువ్వు వేరు బడికి పో అనే మాట ఇక కనిపించదు. అది చిన్న సంగతా?

అమ్మకి ఇదంతా చెప్పాను. విని ఊరుకుంది. సాయంత్రం ఆ దస్తావేజుని మళ్ళీ గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. “చింపకు. మీ తాతయ్య చేతి సంతకం ఉంది. కానీ మీరు రాసుకునే కాగితాల్లో మాత్రం ఆ మాట రానివ్వకండి” అంది.

ఆ మర్నాడే మావారితో కూర్చుని మా ఇంటి కాగితాలు బయటికి తీయించాను. ఎక్కడ ఎవరి పేరుందో, మా అమ్మాయి పేరు ఎక్కడ లేదో ఇద్దరం కలిసి చదివాం. మీరూ ఓ ఆదివారం తీరిక చేసుకుని మీ పెట్టె దించండి.