వేల్స్ దేశపు పలకరాతి కుటీరములు

పలక యనగానే మనకు అక్షరాభ్యాసము జ్ఞప్తికి వచ్చును. మార్కాపురపు పలకలపై ఓనమాలు దిద్దినవారు మన శ్రోతలలో పెక్కురు. అట్టి రాతినే ఇంటికప్పుగను, పెరటి కంచెగను సైతము వాడుకొన్న ప్రజలు బ్రిటన్ పడమటి భాగమున, వేల్స్ దేశములో కలరు. వారి చిన్న యిండ్ల నిర్మాణమును గూర్చి నేడు ముచ్చటింతము.

ఉత్తర వేల్స్ కొండసీమ. అచట వానయు, గాలియు హెచ్చు. అందుచేత పాత కుటీరములకు గోడలు మిక్కిలి మందము. కిటికీలు చిన్నవి, కొద్ది. రోస్‌ట్రవన్ గ్రామమున 1762లో కట్టిన లైన్‌వాడిన్ అను కుటీరము ఇందుకు చక్కని నిదర్శనము. పెద్ద పెద్ద బండలను పేర్చి దాని గోడలు లేపిరి. ఇల్లంతయు ఒకే గది. ఒక చివర పొయ్యి. రెండవ చివర పెట్టెల వలె చెక్కతో మూసిన రెండు మంచములే అడ్డుగోడ. వానిపై చెక్కల అటక. నిచ్చెన వేసికొని పైకెక్కవలెను. అట్టి అటకను 'క్రోగ్‌లోఫ్ట్' అందురు. సాధారణముగా పిల్లలు పరుండునది అచటనే. ఈ యింటిని విప్పి తెచ్చి, 1962లో కార్డిఫ్ చెంతనున్న సెయింట్ ఫాగన్స్ ప్రదర్శనశాలలో మరల నిలిపిరి.

ఇక పైకప్పు సంగతి. పలకరాయి పొరలు పొరలుగా చీలును. నేర్పరియైన పనివాడు ఉలితో దానిని పలుచని రేకులుగా విడదీయును. అది నీటిని పీల్చదు. గడ్డికప్పుపై నీరు నిలువక జారుటకు వాలు ఎక్కువ కావలెను. మంచి పలకరాతికి అంత వాలు అక్కరలేదు. క్రింది వరుసలోని రెండు పలకల సందును పై వరుస పలక నడిభాగము కప్పును. ఈ పలకల కొలతలకు డచ్చెస్, కౌంటెస్, లేడీ అని పేర్లు! కూలివాని యింటి నెత్తిన ప్రభువుల భార్యలు కొలువుండిరన్నమాట.

ప్రభువుల మాట వచ్చినది గనుక మరియొక విధమగు కుటీరమును చూతము. పందొమ్మిదవ శతాబ్దమున బాంగర్ పట్టణము చేరువనున్న పెన్‌రిన్ ఎస్టేటువారు తమ కోట వాకిటనే లాన్‌డిగై అను గ్రామమును పనివారికై కట్టించిరి. ఒక తీరుగ నమరిన ముచ్చటైన యిండ్లవి. ఆ కుటుంబపు సంపద జమైకా ద్వీపమున బానిసలచే చేయించిన చెరకు సాగునుండియు, తమ పలకరాతి గనినుండియు వచ్చినది. మన జమీందారీలను ఎరిగినవారికి ఇందలి మర్మము సులభముగా బోధపడును. ఇల్లు ఎంత చక్కనిదైనను, కొలువును, కొంపయు ఒకే ప్రభువు చేతిలో నున్నపుడు అందు కాపురమున్నవానికి నోరు విప్పుట కష్టము.

అయినను వారు నోరు విప్పిరి. 1900 నవంబరులో పెన్‌రిన్ గనిలో సుమారు 2,800 మంది పని విడిచి వెలుపలికి వచ్చిరి. కార్మికసంఘపు హక్కులే తగవునకు ముఖ్యమగు మూలము. ఆ పోరాటము 1903 వరకు సాగెను. సమీపమున నున్న బెథెస్డా పట్టణములో సమ్మెకు కట్టుబడినవారు తమ యిండ్ల కిటికీలలో, ఈ యింట ద్రోహి లేడని చాటు అట్టలను నిలిపిరి. అట్ట లేని యిల్లేదో వీథిన పోవువారందరికిని తెలిసిపోయెను. ఇరుగుపొరుగుల నడుమ పడిన ఆ చీలిక సమ్మెతో ముగియలేదు; తరములపాటు నిలిచినది. ఆ యిండ్ల కిటికీలే సమ్మెకాలమున ఇంటివారి మాటను వీథికి వినిపించినవి.

ఆ పలకరాతి గనుల ప్రాంతమును 2021లో యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ ప్రదేశముగా గుర్తించినది. గోడను చూచి అచటి వాతావరణమును, కప్పును చూచి అచటి భూమి స్వభావమును మనము గ్రహింపవచ్చును. ఆ యింటిపై హక్కు ఎవరిదో కూడ విచారించిననాడే దాని నిర్మాణమును పూర్తిగా తెలిసికొన్నవార మగుదుము.