శివారు చేనుకు నీరెలా చేరుతుంది?

పాలకొల్లు పేరు వినగానే కొబ్బరి తోటలు, పచ్చని వరిచేలు, ఊరి మీదుగా పారే నరసాపురం కాలువ గుర్తుకు వస్తాయి. ఇటువంటి చోట నీటికి కరవేమిటని మీకు సందేహం కలగవచ్చు. కాని ఈ నీరు ఉత్తరాన, సూటిగా కొలిచినా 45 కిలోమీటర్లకు పైగా దూరంలో, విజ్జేశ్వరం వద్ద గోదావరి నుండి బయలుదేరుతుంది. దారి పొడవునా వేలాది ఎకరాలను తడిపిన తరువాతనే ఇక్కడికి చేరుతుంది. కాలువల చివర ఉన్న పొలాలను రైతులు 'శివారు భూములు' అంటారు. నీరు తగ్గిన ఏడు మొదట ఎండేది ఆ చేలే.

నది పక్కనే కరవు

1833 ప్రాంతంలో గోదావరి ఒడ్డునే ఉన్న ప్రజలు కరవుతో అల్లాడిపోయారు. వానలు లేనప్పుడు నదిలో నీరు గట్టుకంటే చాలా కిందికి దిగిపోయేది. అది చేలలోకి ఎక్కే మార్గం లేదు. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ఆనకట్ట నీటిమట్టాన్ని పైకి లేపింది. డెల్టా నేల సముద్రం వైపు వాలి ఉంటుంది కదా! అందుచేత ఏ యంత్రమూ లేకుండానే, కేవలం భూమ్యాకర్షణ వల్ల, నీరు కాలువల గుండా పొలాలకు ప్రవహించింది. 1982 నాటికి పాత ఆనకట్టకు బదులుగా బ్యారేజీ సిద్ధమైంది. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

అయితే బ్యారేజీ నీటిని మళ్ళిస్తుందే కాని, పెద్ద జలాశయంలా దాచిపెట్టలేదు. అందులో నిలిచేది 3 టీఎంసీల లోపే. సార్వాలో గోదావరికి వరదలు వస్తాయి. దాళ్వాలో నది సన్నబడుతుంది. అప్పుడు సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుండి వచ్చే నీరే పెద్ద ఆధారం. అదీ చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా నీరు వదులుతారు.

మళ్ళీ వంతు వస్తుందో రాదోనన్న భయంతో ఎగువ రైతు మడి నిండా నీరు పెట్టుకుంటాడు. అతని భయంలో తప్పులేదు. కాని దాని ఫలితం శివారు రైతు మీద పడుతుంది.

వరికి ఎప్పుడూ నిలవ నీరు కావాలా?

వరి నీటి మొక్క కాదు. నీటిలో బతకగల మొక్క మాత్రమే. దాని కాండంలోని గాలి గదుల ద్వారా వేళ్ళకు ప్రాణవాయువు అందుతుంది. మడిలో నీరు నిలబెట్టడం వల్ల ముఖ్యంగా కలుపు అణగుతుంది. పైన నీరు కనిపించకపోయినా, కింద వేళ్ళ దగ్గర తేమ ఉంటే మొక్క హాయిగా పెరుగుతుంది.

మరి మట్టి లోపలి నీటిని చూడటం ఎలా? ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఒక తేలిక ఉపాయం చెప్పింది. 30 సెంటీమీటర్ల గొట్టానికి కింది భాగంలో చిల్లులు పెట్టి, ఆ భాగాన్ని మడిలోకి దించి, లోపలి మట్టి తీసివేయాలి. బయట మట్టిలో నీరు ఏ మట్టంలో ఉంటే గొట్టంలోనూ అదే మట్టంలో నిలుస్తుంది. అది నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే, 5 సెంటీమీటర్ల లోతున నీరు పెట్టాలి. నాటిన రెండు వారాల తరువాత ఇలా మొదలుపెట్టవచ్చు. పూత సమయంలో మాత్రం మడి ఆరకూడదు.

ఇందువల్ల నీటిలో 30 శాతం వరకు ఆదా అవుతుంది. మట్టిలోకి గాలి చొరబడటం వల్ల, మీథేన్ వాయువును పుట్టించే సూక్ష్మజీవుల పని కూడా మందగిస్తుంది.

ఒక లెక్క చేద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అందులో 5 సెంటీమీటర్ల నీరు నిలిపితే 202 ఘనపు మీటర్లు, అనగా 2 లక్షల లీటర్లకు పైమాటే! ఎగువన ఒక్క తడి మానినా ఎంత నీరు కిందికి సాగుతుందో చూశారా?

ఆరబెట్టవలసింది ఎవరు?

సముద్రానికి దగ్గరగా ఉన్న చౌడు నేలల్లో ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ మడిలో నిలిచిన మంచినీరే ఉప్పును కిందికి అణచి ఉంచుతుంది. నీరు ఆరితే ఉప్పు పైకి వస్తుంది. బోరు వేద్దామంటే తీరప్రాంతంలో చాలాచోట్ల ఉప్పునీరే. కనుక మడిని ఆరబెట్టగలిగినది ఎగువ రైతు. నీరు తప్పనిసరి అయినది శివారు రైతుకు.

ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ దీవిలోనూ కాలువ చివరి రైతులకు నీరందేది కాదు. అక్కడ అందరూ ఒకే ప్రణాళిక ప్రకారం మడులను ఆరబెట్టి తడపడం మొదలుపెట్టాక, శివారుకూ నీరు చేరింది. అంటే గొట్టం ఒక్కటే చాలదు. చెప్పిన రోజున వంతు నీరు వస్తుందన్న నమ్మకం రైతుకు కలగాలి. మన రాష్ట్రంలో నీటి పంపకంలో రైతులకు పాత్ర కల్పిస్తూ 1997లో చట్టం చేసి, నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచిన ఉద్దేశం కూడా ఇదే.

మీ ఊరిలో వరిచేలుంటే పెద్దల అనుమతితో ఒక గొట్టం దించి, రోజూ నీటిమట్టాన్ని కొలిచి పుస్తకంలో రాయండి. నీరు 15 సెంటీమీటర్ల కిందికి దిగడానికి ఎన్ని రోజులు పట్టిందో చూడండి. మీ చేను ఎన్ని రోజులు ఆగి, కింది చేనుకు నీరు వదలగలదో ఆ లెక్కే చెబుతుంది.