అర్జీపై మొహరు

కలిగిరిలో చౌకధరల దుకాణము ముందు నెల మొదటి దినములలో నిలిచి చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే. ఒక అవ్వ సంచి చంకన పెట్టుకొని వచ్చి ఈ-పాస్ యంత్రముపై వేలు ఆనించును. "రాలేదు, మళ్ళీ పెట్టవ్వా" అని డీలరు చెప్పును. ఆమె వేలిని కొంగుతో తుడుచుకొని మరల ఆనించును. ఆ "రాలేదు" అను ఒక్క మాట వెనుక ఏమి జరుగుచున్నదో విద్యార్థి మిత్రులకు వివరింపదలచితిమి. కంప్యూటరు శాస్త్రము చదువుచున్నవారు రేపు వ్రాయబోవునవి ఇట్టి ప్రోగ్రాములే గదా!

ఆంధ్రప్రదేశ్ దుకాణములలోనికి ఈ యంత్రములు 2015లో వచ్చినవి. యంత్రము తానై ఆధార్ కేంద్ర భాండాగారమును అడుగజాలదు. వేలిముద్ర రహస్యలిపిలోనికి మారి ఒక సర్వరును చేరును. ఆ సర్వరులోని స్క్రిప్టు ఒక అర్జీ తయారుచేసి, అనుమతి పొందిన మధ్యవర్తి సంస్థ ద్వారా భాండాగారమునకు పంపును. సర్వరులు తమలో తాము మాటలాడుకొను ఈ ఘట్టమున మనుష్యుడెవడును ఉండడు. కావున అవ్వ ఎవరని చూచుటకు ముందే, "అడుగుచున్న నీవెవరవు?" అను ప్రశ్న పుట్టును.

అర్జీ, దస్తకత్తు, మొహరు: ఉర్దూ, తెలుగు రెంటను మన కచ్చేరీలలో చెల్లిన మాటలివి. వీని సాయముననే సంగతి సులభముగా బోధపడును. స్క్రిప్టు పంపు అర్జీలో అడుగు సంస్థ సంకేతము, దానికిచ్చిన లైసెన్సు తాళపుచెవి, మొత్తముపై డిజిటల్ దస్తకత్తు ఉండును. దస్తకత్తు చేయు రహస్యపు తాళపుచెవి సొంతదారుని దాటి పోదు. దానికి జతయైన బహిరంగపు తాళపుచెవితో అవతలివారు సరిచూతురు. దారిలో ఒక్క అక్షరము మారినను ఆ దస్తకత్తు చెల్లదు.

సాధారణ వెబ్ సేవలలో ఇంత పటాటోపము లేదు. 1996 నాటి హెచ్.టి.టి.పి. 1.0 వివరణములోనే ఒక సులువైన పద్ధతి కలదు. పేరు, సంకేతపదము మధ్య రెండు చుక్కల గుర్తు పెట్టి, బేస్64 లిపిలో వ్రాసి, ఆథరైజేషన్ అను శీర్షిక క్రింద పంపుటయే అది. బేస్64 రహస్యలిపి కాదు సుమా! ఎవరైనను తిరుగవ్రాసి చదువుకొనవచ్చును. టి.ఎల్.ఎస్. అను కవరులో పెట్టి అంటించిననేగాని అది పోస్టుకార్డుతో సమానమే. 2012లో వెలువడిన ఓఆత్ 2.0 పద్ధతిలో సంకేతపదమునకు మారుగా గడువుగల టోకెను పంపుదురు. బస్సు టిక్కెట్టువలె అది ఎవరి చేతనుండిన వారికే చెల్లును.

ఇట్టి రహస్యములను వెబ్ పుటలో వ్రాసినచో బ్రౌజరున్న ప్రతివాడును చదువగలడు. అర్జీని సర్వరునుండియే పంపుటకు కారణమిదే. సర్వరులోనైనను స్క్రిప్టులో వ్రాయక, వేరుచోట దాచి, నడుచునపుడు మాత్రమే చదువుకొనవలెను. మేమొకమారు సంకేతపదమును స్క్రిప్టులోనే వ్రాసి, ఆ ఫైలు నకలును మిత్రునికిచ్చితిమి. ఇచ్చిన పిమ్మటగాని తప్పు తెలియలేదు. సంకేతపదము మార్చుకొనక గత్యంతరము లేకపోయినది.

మరియొక దురభ్యాసము కలదు. కర్ల్ సాయముతో అర్జీ పంపునపుడు, అవతలి సర్వరు ధ్రువపత్రము సరిపోలలేదని లోపము చూపినచో, కొందరు ఆ పరీక్షనే ఆపివేయుదురు. లోపము మాయమగును, మన మొహరు ఎవరి చేత పడుచున్నదో మాత్రము తెలియదు.

ఇక ఆ "రాలేదు" సంగతి. వెబ్ భాషలో 401 అనగా అడిగినవారి గుర్తింపు చెల్లలేదని; 403 అనగా గుర్తింపు తెలిసినను అనుమతి లేదని. ఆధార్ సేవ జవాబులో అవును, కాదు అని చెప్పి, కాదన్నచో కారణమును సంఖ్యగా తెలుపును. 300 అనగా వేలిముద్ర వంటి శరీరచిహ్నము సరిపోలలేదు. 565 అనగా అడుగు సంస్థ లైసెన్సు గడువు తీరినది. 569 అనగా డిజిటల్ దస్తకత్తు చెల్లలేదు. సిగ్నలు లేక జవాబే రాకపోవుట వేరొక సంగతి. వీనిలో 300 ఒక్కటే అవ్వ వేలికి సంబంధించినది. పొగాకు పనులలో అరిగిన వేలు అట్లు తప్పిపోవుట వింత కాదు. అప్పుడు మరియొక వేలో, కనుపాపయో, ఓటీపీయో చూడవచ్చును. తక్కినవాటికి ఆమె ఎన్నిమారులు వేలు తుడుచుకొన్నను ప్రయోజనము లేదు. స్క్రిప్టు వ్రాయువాడు ఆ సంఖ్యలన్నిటిని ఒక్క "రాలేదు"లో కలిపివేయక, "లోపము సర్వరుది, కార్డుదారుది కాదు" అని తెరపై తెలుగున చూపుటకు పట్టునది నాలుగైదు పంక్తులు మాత్రమే.