థ్లిప్సిస్ అంటే ఏడేళ్ల మహాశ్రమలేనా?

బైబిల్లో ‘శ్రమ’ అన్న మాట కనబడితే చాలు, రాబోయే ఏడేళ్ల మహాశ్రమల కాలమే గుర్తొస్తుంది చాలామందికి. గ్రీకు మూలంలోని ‘థ్లిప్సిస్’ అంత్యదినాలకే ప్రత్యేకించిన పదమని కొందరు బోధిస్తారు కూడా. ఇది అపోహ. కొత్త నిబంధనలో ఈ పదం సుమారు 45 సార్లు వస్తుంది. దీని క్రియకు అసలు అర్థం ఒత్తడం, నొక్కడం. జనం మీద పడి నలిపేస్తారేమోనని యేసు ఒక దోనెను సిద్ధంగా ఉంచమన్న సందర్భంలో మార్కు వాడింది ఆ క్రియనే. ప్రసవ వేదనకు యోహాను సువార్తలో, అనాథల, విధవరాళ్ల ఇబ్బందికి యాకోబు పత్రికలో, చందా ఇచ్చేవారి మీద పడే భారానికి కొరింథీయుల రెండో పత్రికలో వాడింది థ్లిప్సిస్‌నే. కళ్లంలో ధాన్యం నూర్చే పనిముట్టుతో దీన్ని ముడిపెట్టడమూ పొరపాటే. ఆ పనిముట్టు పేరు దీనికి వాడిన లాటిన్ అనువాద పదానికి మూలం, గ్రీకు పదానికి కాదు.

మత్తయి 24లో ఈ పదానికి ‘మహా’ అన్న విశేషణం ఉంది కదా, అది అంత్యకాలమే కదా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ అపొస్తలుల కార్యములు 7వ అధ్యాయంలో స్తెఫను, యోసేపు నాటి కరవు ఐగుప్తుకు, కనానుకు తెచ్చిన కష్టాన్ని సరిగ్గా ఆ రెండు మాటలతోనే చెప్పాడు. ప్రకటన 2లో తుయతైర సంఘానికి రాసిన లేఖలోనూ అవే మాటలున్నాయి. కాబట్టి మత్తయి 24 దేని గురించో ఆ అధ్యాయం చెప్పాలి తప్ప పదం చెప్పదు. ఏడేళ్ల లెక్క దానియేలు 9లోని చివరి వారాన్ని ఏడేళ్లుగా తీసుకుని కట్టినది. థ్లిప్సిస్ పక్కన ఆ సంఖ్య ఎక్కడా లేదు. ప్రకటన 2లోనే స్ముర్న సంఘానికి చెప్పిన శ్రమ గడువైతే పది దినాలే.

విశ్వాసులు పరలోకానికి ఎత్తబడటం మహాశ్రమలకు ముందా, తర్వాతా అన్న వాదన వేరే వచనాల మీద సాగాలి, ఈ పదం దాన్ని తేల్చదు. విశ్వాసులకు థ్లిప్సిస్ ఉండదనడం మాత్రం లేఖనానికి విరుద్ధం. లుస్త్రలో రాళ్లతో కొట్టి, చచ్చాడనుకుని ఊరి బయటికి ఈడ్చేసిన పౌలు మళ్లీ ఆ ఊరికే వెళ్లి, అనేక శ్రమల గుండానే దేవుని రాజ్యంలో ప్రవేశించాలని అక్కడి శిష్యులకు చెప్పాడు. అక్కడా ఇదే పదం. ఈ సంగతిని ఇవాళ కష్టాల్లో ఉన్న విశ్వాసులకు బోధకులు దాచకుండా చెప్పాలి.